గర్భిణికి సుగర్ పరీక్ష, కడుపులో బిడ్డ ఎదుగుదల: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం గర్భిణుల సుగర్ గురించే ఉన్నాయి. వాటిలో ఒకదానితో ఒకటి ముడిపడిన ఆరు ప్రశ్నలను ఎంచుకుని జవాబులిస్తున్నాను. ప్రశ్నలను క్లుప్తం చేశాను గాని, అడిగిన విషయాన్ని మార్చలేదు.

ప్రశ్న: మూడో నెలలో మా ఊరి ఆరోగ్య కేంద్రంలో గ్లూకోజు నీళ్ళు తాగించి పరీక్ష చేశారు. 112 వచ్చింది, సుగర్ లేదన్నారు. ఇప్పుడు ఆరో నెల. మళ్ళీ చేయించుకోమంటున్నారు. మా ఇంట్లో ఎవరికీ సుగర్ లేదు, నాకు అతిదాహం, నీరసం వంటివీ లేవు. పైగా ఆ రోజు నేను టిఫిన్ తినే వెళ్ళాను. పరగడుపున చేయని పరీక్ష లెక్కలోకి వస్తుందా? (ఒక పాఠకురాలు, నరసరావుపేట)

జవాబు: ఆ పరీక్ష లెక్కలోకి వస్తుంది. అయినా రెండోసారి తప్పకుండా చేయించుకోవాలి. ఈ రెండు మాటలకూ కారణాలు వేరు వేరు.

గర్భం నిలిచిన తర్వాత మాయ నుంచి కొన్ని హార్మోన్లు తల్లి రక్తంలోకి వస్తాయి. బిడ్డకు ఆహారం అందుతూ ఉండాలి కాబట్టి, అవి తల్లి శరీరంలో ఇన్సులిన్ పనిని కొంత అడ్డుకుంటాయి. మాయ పెరిగేకొద్దీ, అంటే అయిదో నెల దాటిన దగ్గర నుంచి, ఈ అడ్డు కూడా పెరుగుతుంది. దాన్ని అధిగమించడానికి తల్లి క్లోమం మునుపటికంటే రెండు మూడు రెట్లు ఎక్కువ ఇన్సులిన్ తయారు చేయవలసి వస్తుంది. చాలామందిలో అది చేయగలుగుతుంది. చేయలేనివారిలో సుగర్ పైకి పోతుంది. అందువల్ల మూడో నెలలో 112 వచ్చిన మనిషికే ఆరో నెలలో 150 రావచ్చు. మొదటి పరీక్ష తప్పని దాని అర్థం కాదు. 24 నుంచి 28 వారాల మధ్య మళ్ళీ చూడాలన్న నియమం ఇందుకే వచ్చింది.

అలాంటప్పుడు మొదట్లోనే ఎందుకు చేశారని అడగవచ్చు. మన దేశంలో పెళ్ళికి ముందే సుగర్ ఉండి, ఆ సంగతి తెలియకుండానే గర్భవతులయ్యే స్త్రీలు తక్కువేమీ కాదు. బిడ్డ గుండె, వెన్నుపాము వంటి ముఖ్యమైన అవయవాలు మొదటి రెండు నెలల్లోనే రూపుదిద్దుకుంటాయి కనుక, అలాంటివారిని ఎంత త్వరగా గుర్తిస్తే అంత మేలు. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో విడుదల చేసి 2018లో సవరించిన మార్గదర్శకాలు కూడా ఇదే చెబుతున్నాయి: గర్భిణి మొదటిసారి వచ్చినప్పుడే ఒక పరీక్ష, అందులో సుగర్ లేదని తేలితే 24–28 వారాల మధ్య మరొకటి, రెండింటి మధ్య కనీసం నాలుగు వారాల ఎడం. ఎవరైనా 28 వారాలు దాటాకే మొదటిసారి వస్తే, వారికి ఆ రోజే పరీక్ష చేయాలి.

మీరు టిఫిన్ తిని వెళ్ళినా ఫలితం చెల్లుతుంది. మన దేశంలో అమలులో ఉన్న పద్ధతి తిన్నారా లేదా అన్నదానితో నిమిత్తం లేనిది. చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య, ఆయన సహచరులు దీన్ని ముందుకు తెచ్చారు. వేవిళ్ళతో ఉన్న మనిషిని పరగడుపున బస్సెక్కించి, పది పదిహేను కిలోమీటర్ల దూరంలోని ఆసుపత్రికి రమ్మంటే చాలామంది రారు; వచ్చినవారిలో కొందరు గ్లూకోజు నీళ్ళు తాగలేక వాంతి చేసుకుని వెళ్ళిపోతారు, మళ్ళీ కనిపించరు. అందుకే 75 గ్రాముల గ్లూకోజును సుమారు 300 మిల్లీలీటర్ల నీటిలో కలిపి అయిదు పది నిమిషాల్లో తాగించి, రెండు గంటల తర్వాత ఒక్కసారి రక్తం తీసి చూస్తారు. డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు గాని, అంతకు మించి గాని వస్తే గర్భకాల మధుమేహం ఉన్నట్టు. తాగిన అరగంటలోపు వాంతి అయితే ఆ పరీక్ష మర్నాడు మళ్ళీ చేయాలి. అరగంట దాటాక అయితే కొనసాగించవచ్చు. ఆ రెండు గంటలూ మరేమీ తినకుండా, ఊరంతా తిరగకుండా అక్కడే బెంచీ మీద కూర్చోండి. తాగిన సమయాన్ని మీ తల్లీబిడ్డల కార్డు మీద రాయించుకోండి. రద్దీలో గంటన్నరకే సూది గుచ్చడం, మూడు గంటలకు గుచ్చడం రెండూ జరుగుతుంటాయి.

ఇక లక్షణాల మాట. దాహం, మాటిమాటికీ మూత్రం, అలసట అనేవి సుగర్ లేని గర్భిణికీ ఉంటాయి, సుగర్ ఉన్న గర్భిణికి లేకపోవచ్చు. వాటిని నమ్ముకోవడానికి వీల్లేదు. కుటుంబంలో సుగర్, అధిక బరువు, ముప్పై దాటిన వయసు, ముందు కాన్పులో పెద్ద బిడ్డ అనేవి ప్రమాదాన్ని పెంచే మాట నిజమే గాని, వీటిలో ఏ ఒక్కటీ లేని స్త్రీలలో కూడా సుగర్ బయటపడుతూనే ఉంది. అందరికీ పరీక్ష చేయాలని పట్టుబట్టడంలో ఉద్దేశం అదే.

ప్రశ్న: నాకు ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరూ గర్భవతులు. డాలస్‌లో ఉన్న పెద్దమ్మాయికి 50 గ్రాముల గ్లూకోజుతో పరీక్ష చేసి, గంటకు 148 వచ్చిందని మరో పెద్ద పరీక్షకు రమ్మన్నారు. అందులో ఏమీ లేదని చెప్పారు. వరంగల్‌లో ఉన్న చిన్నమ్మాయికి 75 గ్రాములతో రెండు గంటలకు 146 రాగానే సుగర్ అని తేల్చేశారు. ఎవరిది సరైన పద్ధతి? (ఒక తల్లి, హైదరాబాదు)

జవాబు: రెండు చోట్లా వారి వారి నియమాల ప్రకారమే చేశారు. అమెరికాలో ఎక్కువమంది వైద్యులు రెండంచెల పద్ధతి పాటిస్తారు. ముందు 50 గ్రాములతో గంట పరీక్ష. అది హద్దు దాటితే 100 గ్రాములతో మూడు గంటల పరీక్ష చేసి, నాలుగు నమూనాల్లో రెండైనా ఎక్కువగా ఉంటేనే సుగర్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఆమోదించిన కొలమానాల ప్రకారం పరగడుపున 75 గ్రాములు తాగించి చేసిన పరీక్షలో పరగడుపు విలువ 92, గంటకు 180, రెండు గంటలకు 153, వీటిలో ఏ ఒక్కటి చేరినా సుగరే. మన మార్గదర్శకాల్లో ఒకే హద్దు ఉంది, అది 140.

హద్దులు ఇన్ని రకాలుగా ఉండడానికి కారణం ప్రకృతి ఎక్కడా గీత గీయకపోవడమే. తొమ్మిది దేశాల్లో సుమారు 25 వేలమంది గర్భిణులపై జరిపిన హాపో అధ్యయనం 2008లో వెలువడింది. తల్లి సుగర్ కొంచెం పెరిగితే పెద్ద బిడ్డ పుట్టే అవకాశం కొంచెం, ఇంకాస్త పెరిగితే ఇంకాస్త పెరుగుతూ పోతుందని, ఫలానా అంకె దగ్గర ఒక్కసారిగా ప్రమాదం మొదలవుతుందని చెప్పలేమని అందులో తేలింది. బొడ్డుతాడు రక్తంలో బిడ్డ సొంత ఇన్సులిన్ జాడలు కూడా అదే తీరున పెరిగాయి. కాబట్టి ఏ దేశమైనా తన ఆసుపత్రుల శక్తినిబట్టి, తన జనాభాలో ఉన్న ప్రమాదాన్నిబట్టి ఎక్కడో ఒకచోట గీత గీసుకోవలసిందే.

మీ చిన్నమ్మాయి విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 146 మరో దేశంలో మామూలు అనిపించుకోవచ్చు గాని, ఆమెను సుగర్ ఉన్న గర్భిణిగానే చూసుకోండి. మొదటి వైద్యం ఆహారం సరిచేసుకోవడం, తిన్నాక నడవడం. వాటివల్ల ఎవరికీ నష్టం లేదు. పెద్దమ్మాయి కూడా మొదటి మెట్టులో హద్దు దాటింది కనుక తినే తీరు మీద దృష్టి పెట్టమనండి.

ప్రశ్న: నా భార్యకు 32వ వారంలో స్కాన్ తీశారు. బిడ్డ తల కొలత వారాలకు సరిపోయిందట; పొట్ట చుట్టుకొలత మాత్రం మూడు వారాలు ముందుందని, ఉమ్మనీరు కాస్త ఎక్కువగా ఉందని రాశారు. మూడో నెల తర్వాత సుగర్ పరీక్ష చేయించలేదు. బిడ్డ బొద్దుగా ఉందని మా ఇంట్లో పెద్దలు సంతోషిస్తున్నారు. నాకు మాత్రం ఆందోళనగా ఉంది. (ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మీ ఆందోళనలో న్యాయముంది. ఈ ఉత్తరం చదివిన మర్నాడే ఆమెకు సుగర్ పరీక్ష చేయించండి.

ఆ స్కాన్ కాగితం ఏం చెబుతోందో చూద్దాం. తల్లి రక్తంలోని గ్లూకోజు మాయ గుండా బిడ్డకు నేరుగా చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం మాయ దాటదు. అంటే తల్లిలో చక్కెర పెరిగితే బిడ్డలోనూ పెరుగుతుంది, దాన్ని అదుపు చేసే భారం మాత్రం బిడ్డ క్లోమం మీదే పడుతుంది. అది తన శక్తికొద్దీ ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. కోపెన్‌హాగన్‌లో యోర్గెన్ పెడర్సన్ అనే వైద్యుడు 1950లలో చెప్పిన ఈ వివరణ, తర్వాత జరిగిన పరిశోధనల్లోనూ నిలబడింది. గర్భంలోని శిశువుకు ఇన్సులిన్ చక్కెరను తగ్గించే హార్మోను మాత్రమే కాదు, పెరుగుదలను తరిమే హార్మోను కూడా. అయితే అది శరీరమంతటినీ సమానంగా పెంచదు. కాలేయం పెద్దదవుతుంది, పొట్ట చుట్టూ, భుజాల మీద కొవ్వు చేరుతుంది. తల, మెదడు దాదాపు మామూలుగానే ఉంటాయి. తల కొలత వారాలకు సరిపోయి, పొట్ట కొలత ముందుకు పోవడం ఇందువల్లనే. చక్కెర ఎక్కువైన బిడ్డ మూత్రం కూడా ఎక్కువగా పోస్తుంది. అది కలిసేది ఉమ్మనీటిలోనే.

కాన్పు సమయంలో చిక్కు వచ్చేదీ ఈ అసమానత్వం వల్లే. తల బయటికి వచ్చాక భుజాలు ఇరుక్కుపోతే చేతి నరాలు దెబ్బతినవచ్చు, బిడ్డకు ఊపిరి అందకపోవచ్చు. సిజేరియన్ అవసరం పెరుగుతుంది. పుట్టాక బిడ్డలో చక్కెర పడిపోవడం, కామెర్లు, ఊపిరి ఇబ్బంది వంటివి ఎక్కువ. సుగర్ బొత్తిగా అదుపులో లేనివారిలో చివరి వారాల్లో బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదం కూడా ఉంది. చెప్పడానికి కష్టంగా ఉన్నా దాచకూడని విషయమిది.

పెద్దల సంతోషం గురించి ఒక్క మాట. మన బిడ్డల బరువును పాశ్చాత్య పట్టికలతో కొలవకూడదు. పుణేలో కె.ఇ.ఎం. ఆసుపత్రికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి నవజాత శిశువులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి చూసింది. పుణే బిడ్డల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, అక్కడివారిది సుమారు 3.5 కిలోలు. కండలోనూ, పొట్ట అవయవాల్లోనూ మన బిడ్డలు బాగా వెనుకబడినా, చర్మం కింది కొవ్వులో మాత్రం అంత వెనుకబడి లేరు. అంటే చూడడానికి సన్నగా ఉన్న బిడ్డలో కూడా కొవ్వు పాలు ఎక్కువే. అందువల్ల నాలుగు కిలోలు దాటితేనే పెద్ద బిడ్డ అనే లెక్క మనకు సరిపడదు. మూడున్నర కిలోల బిడ్డకే మన తల్లుల్లో కాన్పు కష్టం కావచ్చు, మూడు కిలోలు లేని బిడ్డకు కూడా తల్లి సుగర్ ప్రభావం తగిలి ఉండవచ్చు. బరువు బాగుంది కనుక సుగర్ లేదనడం గాని, బొద్దుగా ఉంది కనుక ఆరోగ్యమనడం గాని సరికాదు.

32 వారాలకు పరీక్ష చేయించడం ఆలస్యమే గాని, వృథా కాదు. బిడ్డ ఒంట్లో కొవ్వు చేరేది ప్రధానంగా చివరి మూడు నెలల్లోనే. ఆస్ట్రేలియాలో వెయ్యిమంది గర్భిణులపై జరిగి 2005లో వెలువడిన అధ్యయనంలో 24 నుంచి 34 వారాల మధ్య ఉన్నవారినే చేర్చుకున్నారు. వైద్యం అందినవారిలో బిడ్డకు తీవ్రమైన చిక్కులు 4 శాతం నుంచి 1 శాతానికి తగ్గాయి. నాలుగు కిలోలూ అంతకు పైబడిన శిశువులు 21 శాతం నుంచి 10 శాతానికి తగ్గారు. మీ భార్యకు సుగర్ ఉందని తేలితే, రెండు మూడు వారాలకోసారి ఎదుగుదల స్కాన్ చేసి పొట్ట కొలత ఏ దారిన పోతోందో చూస్తారు. స్కాన్ చెప్పే బరువు అంచనా పది పదిహేను శాతం అటూ ఇటూ ఉండడం మామూలే కాబట్టి, ఒక్క అంకెను పట్టుకుని కాన్పు గురించి నిర్ణయం తీసుకోకండి. సుగర్ లేదని తేలినా ఈ స్కాన్‌ను అక్కడితో వదలవద్దు. ఉమ్మనీరు పెరగడానికి ఇతర కారణాలూ ఉంటాయి.

ప్రశ్న: నాకు ఏడో నెలలో సుగర్ అన్నారు. ఆ రోజు నుంచి అన్నం, పండ్లు పూర్తిగా మానేశాను. ఉదయం కొంచెం రాగి సంకటి, రాత్రి మజ్జిగ. మూడు వారాల్లో రెండు కిలోలు తగ్గాను. సుగర్ 90 దాటడం లేదు. ఇప్పుడు బిడ్డ చిన్నగా ఉందంటున్నారు. నేను చేసింది మంచిదే కదా? (ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: బిడ్డ కోసం మీరు పడుతున్న కష్టం అర్థమవుతోంది. కాని అమ్మా, ఈ పద్ధతి వెంటనే ఆపండి. గ్లూకోజు బిడ్డకు ముఖ్యమైన ఆహారం. అది ఎక్కువైతే ఎంత చేటో, చాలకపోతే అంత చేటు. మీరు ఆకలితో ఉంటే శరీరం కొవ్వును కరిగించుకుంటుంది, అందులోంచి పుట్టే కీటోన్లు బిడ్డకు మంచివి కావు. రాగి సంకటి కూడా పిండి పదార్థమే. గిన్నెడు తింటే అదీ సుగర్‌ను పెంచుతుంది. ఎంత తింటున్నాం, దేనితో కలిపి తింటున్నాం, ఎంతసేపటికోసారి తింటున్నాం అన్నదే ముఖ్యం.

రోజుకు మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి. ఉదయం అయిదు ఇడ్లీల బదులు రెండు ఇడ్లీలు, పప్పు ఎక్కువ వేసిన సాంబారుతో. లేదా ఒక పెసరట్టు. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం కొలిచి పెట్టుకుని, దానికి రెండింతలు కూర, ఆకుకూర పప్పు, పెరుగు, తినేవారైతే గుడ్డు గాని చేప గాని. సాయంత్రం ఉడికించిన సెనగలు లేదా గుప్పెడు వేరుసెనగలు, ఒక జామకాయ. రాత్రి రెండు జొన్నరొట్టెలు, కూర. పడుకునే ముందు చక్కెర లేని గ్లాసుడు పాలు తప్పనిసరి. లేకపోతే తెల్లవార్లూ కడుపు ఖాళీగా ఉంటుంది. తిన్న ప్రతిసారీ పది పదిహేను నిమిషాలు ఇంటి ముందే నడవండి. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉంటే చాలు. దానికంటే తగ్గించాలని పంతం పట్టవద్దు.

బిడ్డ చిన్నగా ఉండడానికి మీ తిండి ఒక్కటే కారణమని మాత్రం అనుకోకండి. రక్తపోటు, రక్తహీనత, మాయకు రక్తం సరిగా అందకపోవడం కూడా కారణాలే. బొడ్డుతాడులో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ ఈ వారంలోనే చేయించుకోండి. మీరు తగ్గిన బరువు సంగతి మీ డాక్టరుకు దాచకుండా చెప్పండి. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే మర్నాటి దాకా ఆగవద్దు.

ప్రశ్న: మా గ్రామంలో ఇన్సులిన్ అంటే గర్భిణులు భయపడుతున్నారు. ఒకసారి మొదలుపెడితే జీవితాంతం పొడుచుకోవాలని, బిడ్డకు చేరుతుందని అంటున్నారు. కొందరు మూడు నెలల సగటు చూపించే సుగర్ పరీక్ష కాగితం తెచ్చి, అది బాగుంది కనుక గ్లూకోజు నీళ్ళు తాగబోమంటున్నారు. (ఒక ఆశా కార్యకర్త, కరీంనగర్ జిల్లా)

జవాబు: ఇన్సులిన్ మాయ దాటదు, బిడ్డకు చేరదు. గర్భంతో వచ్చిన సుగర్‌కు వాడిన ఇన్సులిన్‌ను చాలామందికి కాన్పు కాగానే ఆపేస్తారు. రెండు వారాలు ఆహార నియమం పాటించాక కూడా తిన్న రెండు గంటలకు 120 గాని, అంతకు మించి గాని ఉంటేనే మందు మొదలుపెడతారు. 20 వారాలు దాటినవారికి మెట్‌ఫార్మిన్ మాత్రలు కూడా ఇవ్వవచ్చని మన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ మాత్ర మాయ దాటుతుంది, ఇన్సులిన్ దాటదు. భయపడవలసింది ఇన్సులిన్‌కు కాదని వారికి ఈ మాటతోనే చెప్పండి.

సగటు పరీక్ష గ్లూకోజు పరీక్షకు బదులు కాదు. గర్భంలో ఎర్ర రక్తకణాలు త్వరగా మారిపోతుంటాయి, రక్తహీనత కూడా ఉంటే ఆ సగటును నమ్మలేం. పైగా గర్భకాల సుగర్ కొన్ని వారాల్లోనే తలెత్తుతుంది, మూడు నెలల సగటులో అది కలిసిపోతుంది. ప్రతి నెల 9వ తేదీన జరిగే సురక్షిత మాతృత్వ పరీక్షల రోజున వారిని తీసుకెళ్ళి గ్లూకోజు పరీక్ష చేయించండి. నెలలు నిండకముందే కాన్పయ్యే సూచనలుంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల తర్వాత కొన్ని రోజులు సుగర్ పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి. అప్పుడు మరింత తరచుగా చూడాలి.

ప్రశ్న: గర్భంలో సుగర్ వచ్చిన మా అమ్మాయికి 3.6 కిలోల బాబు పుట్టాడు. మొదటి రోజు నుంచీ మాటిమాటికీ వాడి మడమ గుచ్చి రక్తం చూశారు. ఒకసారి 38 వచ్చిందని హడావిడి పడ్డారు. బాబుకు సుగర్ వ్యాధి వచ్చినట్టా? అమ్మాయికి రెండో రోజే సుగర్ మామూలైంది, ఇక పరీక్షలు అక్కర్లేదా? (ఒక అమ్మమ్మ, విశాఖపట్నం)

జవాబు: బాబుకు వ్యాధి లేదు. వాడిలో చక్కెర ఎక్కువ కాలేదు, తగ్గింది. బొడ్డుతాడు కోసిన క్షణం నుంచి తల్లి చక్కెర ఆగిపోతుంది. వాడి క్లోమం మాత్రం అలవాటైన మోతాదులోనే ఇన్సులిన్ వదులుతూ ఉంటుంది. ఆ కొన్ని గంటల్లో చక్కెర పడిపోతుంది. 45 కంటే తగ్గితే జాగ్రత్త పడాలి. బాగా తగ్గి అలాగే ఉండిపోతే ఫిట్స్ వచ్చి మెదడుకు హాని జరగవచ్చు. మడమ మీద ఆ చిన్న సూది గాట్లు మీకు బాధ కలిగించి ఉంటాయి గాని, ఆ సిబ్బంది చేసినది సరైన పనే. గంటలోపు ముర్రుపాలు పట్టించడం, తర్వాత రెండు మూడు గంటలకోసారి తల్లిపాలివ్వడం దీనికి మొదటి వైద్యం. అది చాలకపోతే సెలైన్‌లో గ్లూకోజు ఎక్కిస్తారు. తేనె నాకించడం, పంచదార నీళ్ళు పట్టడం ఏ పరిస్థితిలోనూ వద్దు. బాబు పాలు పట్టకుండా మగతగా ఉన్నా, చేతులు కాళ్ళు వణుకుతున్నా వెంటనే చూపించండి.

అమ్మాయికి పరీక్షలు అక్కర్లేదనుకోవడం పొరపాటు. గర్భంలో సుగర్ వచ్చిన స్త్రీకి తర్వాతి సంవత్సరాల్లో శాశ్వతంగా సుగర్ వచ్చే అవకాశం, రానివారితో పోలిస్తే ఏడు నుంచి పది రెట్లు. కాన్పయిన ఆరు వారాలకు 75 గ్రాముల పరీక్ష మళ్ళీ చేయించాలి. ఈసారి పరగడుపున, రెండు గంటలకు, రెండుసార్లూ రక్తం తీస్తారు. పరగడుపున 126, లేదా రెండు గంటలకు 200 వస్తే సుగర్ నిలిచిపోయినట్టే. రెండు గంటల విలువ 140 నుంచి 199 మధ్య ఉంటే సుగర్ అంచున ఉన్నట్టు. బాబుకు ఒకటిన్నర నెల టీకా వేయించే రోజు కూడా అదే కాబట్టి రెండు పనులూ ఒకే ప్రయాణంలో అవుతాయి. బాలింత ఆకలికి ఆగలేదు, పరీక్ష కాగానే తినడానికి డబ్బా కట్టివ్వండి. ఆ తర్వాత ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటూ, పాలు మాన్పించే తొందర లేకుండా ఉండమనండి. పాలివ్వడం తల్లి సుగర్‌కు కూడా మేలు చేస్తుంది. మరో బిడ్డను కనాలనుకున్నప్పుడు గర్భం నిలవకముందే ఒకసారి సుగర్ చూపించుకోవాలి. ఈసారి కాన్పు కాగితాలు, ముఖ్యంగా సుగర్ విలువలు రాసిన కార్డు, పారేయకుండా దాచి అప్పుడు డాక్టరుకు చూపించాలి.